తొమ్మిది నిమిషాల చెల్లెలు

స్టేషన్ ఘన్‌పూర్‌లో యమున ఇల్లెక్కడ అని అడిగితే ఎవరికీ తెలియదు. మైకు యమున అని అడగాలి. అప్పుడు బస్టాండ్ దగ్గర ఏ ఆటో అతనైనా ఇంటిదాకా తెచ్చి దింపుతాడు. మా ఆయన మధు ముందు కూర్చొని ఆటో నడుపుతుంటే, నేను వెనక మైకు పట్టుకొని ఇరవై ఏళ్లు ఊళ్లకు ఊళ్లు తిరిగాను. పోలియో చుక్కలు, చీరల సేలు, తప్పిపోయిన బర్రె, సర్పంచ్ ఎలక్షన్లు, ఏదైనా సరే నా నోటి మీదుగా పోవాల్సిందే. నర్మెట్ట దిక్కు ఒక అవ్వ నా గొంతు వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి చెంబుతో నీళ్లు తెచ్చి వాకిట్లో నిలబడేది. గొప్పలు పోతోంది అనుకుంటారేమో, అనుకోండి. నిజంగానే గొప్పగా ఉండేది.

మొన్నటి పంచాయతీ ఎలక్షన్ల సీజన్‌లో నా గొంతు ఇదివరకెన్నడూ పోనన్ని ఇళ్లలోకి పోయింది. నేను మాత్రం ఇంట్లో ఒక్కదాన్నే కూర్చున్నాను.

అంతా వర్ష వల్ల. వర్ష మా ఆయన అక్క కూతురు. హైదరాబాద్‌లో రెండేళ్లు కంప్యూటర్ ఉద్యోగం చేసి, "ఒకల కింద చేసుడు నాతోని గాదు అత్తా" అని వచ్చేసి, మా మైకు సెట్ల దుకాణం మీది గదిలో కంపెనీ పెట్టింది. కంపెనీ అంటే మూడు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, గోడకు ఒక తెల్లబోర్డు. దసరా పోయిన వారానికి నన్ను పైకి పిలిచింది.

"మూడొద్దులు ఈడ కూసోని నేనిచ్చిన మాటలు చదువు అత్తా. తర్వాత నీ గొంతు దానంతటదే మాట్లాడ్తది. ఒకటేసారి వెయ్యిమందికి ఫోన్ చేస్తది. అవుతలోల్లు ఏమడిగినా జవాబు చెప్తది."

"నేను లేకుండ నా గొంతు ఎట్ల మాట్లాడ్తదే?"

"నువ్వు పండుకున్నా మాట్లాడ్తది."

"నేను పండుకున్నా నా నోరు ఆగదని మీ మామ ఎప్పుడో చెప్పిండు తియ్యి," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మూడు రోజులు కూర్చొని చదివాను. నవ్వుతూ కొంత, బతిమాలుతూ కొంత, ఏడుస్తున్న మనిషిని ఊరుకోబెట్టినట్టు కొంత. కోపంగా మాత్రం ఒక్క మాటా చదివించలేదు. ఓట్లడిగేవాళ్లకు గుస్స ఎందుకత్తా అంది. నాలో సగం గుస్సనే. ఆ సగాన్ని నాకే వదిలేసి మిగతాది పట్టుకుపోయింది పిల్ల.

ఎలక్షన్ల కబురు రాగానే మా దుకాణం ముందు బండ్లు ఆగడం మొదలైంది. ఎప్పటిలాగే మధు కుర్చీలు వేసి చాయ్ చెప్పాడు. వచ్చినవాళ్లు చాయ్ తాగి, "వర్షమ్మ ఉన్నదా?" అని మెట్లెక్కారు. ఆటోలు ఎన్నిరోజులు కావాలో, బాక్సులు ఎన్ని కావాలో ఒక్కరూ చెప్పలేదు. జనగామ దిక్కువాళ్లు, పాలకుర్తి దిక్కువాళ్లు, ఆఖరికి పదిహేనేళ్లుగా మధును తప్ప వేరేవాళ్లను పిలవని మనిషి కూడా పైకే పోయాడు. కింద మా ఆయన సౌండు బాక్సుల మీద దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచినదాన్నే మళ్లీ తుడిచాడు.

వర్షను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆ నెలలో మా వీధి ఆడపిల్లలు ఐదుగురు ఆ పిల్ల దగ్గర పనిలో చేరారు. డిగ్రీలు చదివి ఇంట్లో కూర్చున్న పిల్లలు, పొద్దున్నే తలస్నానాలు చేసి టిఫిన్ డబ్బాలు పట్టుకొని మెట్లెక్కుతుంటే చూడముచ్చటగా ఉండేది. పై మెట్ల మీద చెప్పులు పెరిగినకొద్దీ కింద దుకాణం ముందు తగ్గాయి, అంతే.

ఒకరోజు పొద్దున మధు ఆటోకు బాక్సులు కడుతున్నాడు.

"యాడికి?" అన్నాను.

"భూపాలపల్లి దిక్కు. అడివి లోపటి ఊళ్లల్ల ఇంకా సిగ్నల్ రాదు. ఆడ మైకు గావాలె."

"ఆగు, చీర మార్చుకొని వస్త."

"నువ్వెందుకే పరేషాన్? పెన్ డ్రైవ్‌ల నీ గొంతు ఉన్నది. వర్ష చేసిచ్చింది."

అన్నాక తనకే ఎట్లానో అనిపించినట్టుంది. తాడు ముడి మళ్లీ విప్పి మళ్లీ కట్టాడు. "పానం మంచిగ చూసుకో," అని ఆటో స్టార్టు చేశాడు. ఆ వెనక సీటు ఖాళీగా పోవడం ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి చూశాను.

మాకు పిల్లలు లేరు. ఒక్కదానికే గ్లాసెడు బియ్యం పెట్టుకొని, కూర వండబుద్ధి కాక మామిడికాయ తొక్కు వేసుకొని తిన్నాను. మధు ఏదో గుట్ట ఎక్కితే గానీ ఫోన్ కలిసేది కాదు. రెండు రోజులకోసారి రెండు మాటలు. "ఈడ జనం నిన్ను అడుగుతుండ్రే, మైకుల మాట్లాడే ఆమె ఏది అని," అన్నాడొకసారి. నేను "సలి పెడ్తదా ఆడ?" అని మాత్రం అడిగాను. ఒకరోజు పొద్దుగూకేదాకా ఎవ్వరితోనూ మాట్లాడలేదని గుర్తొచ్చి, పాలు పోసే అతనితో కావాలని తగువు పెట్టుకున్నాను. పాలు చిక్కగానే ఉన్నాయి పాపం.

ఆ రోజుల్లోనే నా ఫోన్ మోగింది. ఎత్తితే నా గొంతే. వర్ష పరీక్ష కోసం పెట్టుకున్న నంబర్లలో నాదీ ఉందట, నాకా సంగతి తెలియదు. "అక్కా, బాగున్నవా? తిన్నవా?" అని అడిగింది. పెట్టేయాల్సింది. ఆ వారంలో నన్ను తిన్నావా అని అడిగింది అదొక్కటే. "తిన్న," అన్నాను. "ఏం కూర అక్కా?" అంది. తొక్కు అని చెప్పడానికి సిగ్గేసి, చిక్కుడుకాయ అని అబద్ధమాడాను. ఎవరికి అబద్ధమాడుతున్నానో తెలిసే ఆడాను.

మా తల్లిగారి ఊరు కురవి పక్కన. అక్కడ రాజమణక్క సర్పంచ్‌కు నిలబడింది, కత్తెర గుర్తు. అంతదూరం నుంచి వర్షను వెతుక్కుంటూ వచ్చింది నా గొంతు కోసమే. "మన ఊరి ఆడబిడ్డ నోటితోని అడిగితే కాదనేటోడు ఉంటడా?" అంది. నిజమే. పెళ్లయి వెళ్లిపోయిన ఆడబిడ్డ పుట్టిన ఊరికొచ్చి నోరు తెరిచి ఏదైనా అడిగితే, లేదనడానికి మా దిక్కు ఎవరికీ మనసొప్పదు.

మొదటి రోజే గొడవైంది. నా గొంతుతో మాట్లాడే మిషన్ మగవాళ్లందరినీ అన్నా అంది, ఆడవాళ్లందరినీ అక్కా అంది. మా ఊరి సోమనర్సయ్య నాకు మేనబావ. చిన్నప్పుడు నన్ను అతనికే ఇస్తారని ఊరంతా అనుకునేది. అట్లాంటి మనిషికి ఫోన్ చేసి నా గొంతు "సోమనర్సయ్య అన్నా, బాగున్నవా?" అంది. హోటల్ దగ్గర పదిమందిలో స్పీకర్ పెట్టి విన్నాడు. ఒక్క ఫోనుతో బావను అన్న చేసిందని ఒకటే నవ్వులు.

రాజమణక్క వర్ష మీద లేచింది. "నవ్వెటోల్లు నవ్విండ్రు, గని పెద్దమనుషులకు గుస్సొచ్చింది. ఎనభై ఏండ్ల మా మామను గూడ అన్న అన్నదట. సొంత ఊరి ఆడబిడ్డకు వరుసలు ఎర్కలేవా అంటుండ్రు. గిట్లయితే ఉన్న ఓట్లు గూడ పోతయి."

అప్పుడు పని నా మీద పడింది. వర్ష ఓటర్ల లిస్టు తెచ్చి నా ముందు పెట్టింది. తొమ్మిది వందల పైచిలుకు పేర్లు. ప్రతి పేరు పక్కన ఆ మనిషి నాకేమవుతాడో రాయాలి. కులమేదైనా, మా ఊళ్లో ప్రతి మనిషికీ ప్రతి మనిషితో ఒక వరుస ఉంటుంది. మా వెనకింటి రాధమ్మ నాకు పెద్దమ్మ. తండా భీమ్లా నాకు కాక, అంటే బాబాయి. భీమ్లా కాక భార్యను మాత్రం అక్కా అంటాను, ఎందుకంటే చెప్పడానికి ఒక పూట పడుతుంది. ఇవి ఏ కాగితంలోనూ లేవు, ఏ కంప్యూటర్‌కూ తెలియవు. రెండు రోజులు కూర్చొని రాశాను. ఆ సీజన్ మొత్తంలో నేను సంతోషంగా ఉన్నది ఆ రెండు రోజులే. పేరు చదవగానే మనిషి కళ్ల ముందుకొచ్చి పలకరించినట్టుండేది.

మూడో వాడకట్టులో ఒక పేరు దగ్గర కలం ఆగింది. వీరేందర్. మా అన్న.

పోయినసారి సర్పంచ్ ఎలక్షన్లప్పుడు, అంటే దాదాపు ఏడేళ్ల కింద, మా అమ్మను మానుకోట దవాఖానలో చేర్చారు. అన్న నాకు పద్నాలుగు సార్లు ఫోన్ చేశాడు. నేను ఆటోలో బాక్సుల మోత మధ్య ఎవరి గెలుపు కోసమో అరుస్తున్నాను, వినబడలేదు. నేను పోయేసరికి అమ్మ లేదు. పదిమంది ముందు అన్న నా మొహం మీదే అన్నాడు. "పానం పోయెదాక నిన్నే పిలిచింది. యమున ఏదిరా, యమున ఏదిరా అనుకుంటనే పోయింది." నేనూ ఊరుకోలేదు, నోటికి ఎంతొస్తే అంత అన్నాను. ఆ రోజు నుంచి మాటల్లేవు, రాఖీలు లేవు. అమ్మ పిలిచిన ఆ పిలుపు మాత్రం ఏడేళ్లుగా నా చెవిలోనే ఉండిపోయింది. మైకులో మాట్లాడుతున్నా వినబడేది.

"గీ నంబర్ తీసెయ్యాల్నా అత్తా?" అని మెల్లగా అడిగింది వర్ష. ఆ పిల్లకు సంగతి తెలుసు.

తీసెయ్యి అంటే అయిపోయేది. "ఉండనియ్యి," అన్నాను. పక్కన సొంత అన్న అని రాశాను. నేను ఫోన్ చేయలేను, మిషన్ చేస్తుంది. నా గొంతైనా ఒకసారి ఆ ఇంట్లోకి పోతుంది, విని వెంటనే పెట్టేస్తాడు, అంతే కదా అనుకున్నాను. పిరికిపనే, దాచుకునేదేముంది.

ఆ బుధవారం ఓట్లు. సోమవారం పొద్దున వర్ష కిందికి దిగొచ్చింది. మొహం బాగాలేదు.

"అత్తా, ఎక్కువసేపు నడిచిన ఫోన్లు నేను వింట, మిషన్ యాడ తప్పు మాట్లాడిందో చూసెతందుకు. మీ అన్నది తొమ్మిది నిమిషాలు నడిచింది. శుక్రారం నాటిది, నేను ఇయ్యాలనే చూసిన." ఫోన్ నా చేతిలో పెట్టి, ఇయర్‌ఫోన్లు నా చెవులకు తనే పెట్టింది.

నా గొంతు మొదలుపెట్టింది. "అన్నా, బాగున్నవా? నేను యమునను. మన రాజమణక్క కత్తెర గుర్తు మీద నిలవడ్డది..."

పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.

"ఎవలు?"

"నేనన్నా, యమునను."

"గిన్నేండ్లకు యాదికొచ్చిన్నా?"

"అట్ల అనకు అన్నా. నువ్వెప్పుడు నా యాదిల ఉంటవు. ఇంట్ల అందరు మంచిగున్నరా?"

నేనైతే అట్లా అనేదాన్ని కాదు. నువ్వెన్నడన్న చేసినవా అని దులిపేసేదాన్ని, అక్కడితో సరి. దానికి కోపం రాలేదు, కోపం దానికి నేర్పలేదు. అన్న మాట్లాడాడు. వరి కోసిన సంగతి, మోకాళ్ల నొప్పుల సంగతి, రుక్మిణి వదినకు షుగర్ వచ్చిన సంగతి. వదినకు షుగరని నాకు అప్పటిదాకా తెలియదు. అది మాత్రం తెలిసినదానిలాగే "అయ్యో, మందులు మర్వకుండ ఏస్కోమను అన్నా" అంది. ఏడో నిమిషంలో అన్న గొంతు మారింది.

"చెల్లె, ఒక మాట చెప్త ఇను. అమ్మ ఆ రోజు నిన్ను పిలువలే. ఎవల్ని పిలువలే. పొద్దుగాల్ల సంది తెలివే లేదు ఆమెకు. నువ్వు రాలేదని నాకే కడుపు మండి, నీకు తాకాలెనని అన్న. ఏడేండ్లాయె. గది యాదికొస్తే నిద్ర పడ్తలేదు."

నా గొంతు ఏమాత్రం తడబడలేదు. "పర్వాలేదు అన్నా. మనసుల ఏం పెట్టుకోకు. కత్తెర గుర్తు మాత్రం జర యాది పెట్టుకో."

అన్న నవ్వాడు. ఏడుస్తూనే నవ్వాడు. "నీ ఓట్లు పాడుగాను. ఏస్త తియ్యి. ఆయితారం ఇంటికి రా."

"తప్పకుండ వస్తనన్నా."

ఆదివారం నిన్ననే అయిపోయింది.

అమ్మ నన్ను పిలవలేదు. ఏడేళ్లు మోసిన బరువు ఒక్క మాటతో దిగిపోయింది. దిగిందని సంతోషపడాలో, ఆ మాట నాకు కాక ఇంకోదానికి చెప్పాడని ఏడవాలో తెలియలేదు. రెండూ కలిసి వచ్చాయి. ఆ తొమ్మిది నిమిషాలు మా అన్నకు నాకన్నా మంచి చెల్లెలు దొరికింది, ఆ చెల్లెలు కూడా రాకుండా ఎగ్గొట్టింది. ఉన్న చీర మీదే బయల్దేరి రైలెక్కాను.

మానుకోటలో దిగి, ఆటో పట్టుకొని ఊళ్లోకి పోయేసరికి మధ్యాహ్నం దాటింది. హోటల్ దగ్గర సోమనర్సయ్య చూడనే చూశాడు. "అగో, అసలు యమున వచ్చింది! ఈమె మాట్లాడ్తదా, మీటలొత్తాల్నా?" అందరూ పడిపడి నవ్వారు. ఒకే నిమిషంలో ఇద్దరికి నేను ఫోన్ చేశానని లెక్కతేలి, నిన్న సాయంత్రం గుట్టు బయటపడిందట. నేనూ నవ్వాను. మామూలుగా అయితే అతనికి నాలుగు వడ్డించేదాన్ని, ఆ రోజు చేతకాలేదు.

రుక్మిణి వదిన వాకిట్లోనే నిలబడి చెప్పింది. "నిన్న నీకోసమని కోడిని కోసిండు. పొద్దంత సూసిండు. మాపటికి ఊళ్లోల్లు జెప్పిండ్రు అది మిషనని. అన్నం ముట్టలే. వడ్ల కాడ ఉన్నడు, పో." లోపలికి రమ్మనలేదు.

వడ్లు కొనే సెంటర్ ఊరి బయట. వరుసగా కుప్పలు. అన్న చెప్పులు విడిచి, ఎండబోసిన వడ్లలో కాళ్లతో చాళ్లు తీస్తూ నడుస్తున్నాడు. జుట్టంతా తెల్లబడిపోయింది. నన్ను చూసి ఆగాడు, మళ్లీ నడిచాడు.

"ఎప్పుడొచ్చినవ్?"

"ఇప్పుడే అన్నా."

వంగి వడ్లలోంచి ఒక గడ్డిపోచ ఏరి పడేశాడు.

"ఫోన్ల మాట్లాడింది మిషనంట గదా."

"అవ్ అన్నా."

"నువ్వు గాదు."

"నేను గాదు."

కుప్ప చివరిదాకా పోయి తిరిగొచ్చాడు. నా వైపు చూడకుండా అడిగాడు. "నేనేందో మాట్లాడిన. అవన్ని ఎవలన్న ఇంటరా?"

దారి పొడుగునా నేను అనుకున్నది వేరు. అంతా విన్నానన్నా అని మీదపడి ఏడవాలనుకున్నాను. కానీ అప్పుడు ఆయన మొహం చూశాను. ఊరి నవ్వులన్నీ విని వచ్చిన మొహం. నేను విన్నానంటే వర్ష విన్నదని తెలుస్తుంది. ఆ పైగదిలో ఉన్న పిల్లలందరూ విన్నారనుకుంటాడు. సిగ్గుతో తలెత్తుకోలేడు అనిపించింది. ఇంకొకటి కూడా ఉంది. వినలేదంటే, నోరు విప్పి ఆ మాట నాకే చెబుతాడేమో అని ఆశపడ్డాను.

"ఎవ్వరు ఇనరన్నా," అన్నాను. "అది ఒట్టి మిషను. మాట్లాడినయి ఆడికాడికే పోతయి."

"నువ్వు గూడ ఇనలే?"

"నేను గూడ ఇనలే."

మొహం తేటపడుతుందనుకున్నాను. పడలేదు. చెయ్యెత్తినా ఆగకుండా బస్సు వెళ్లిపోతే మనిషి నిలబడిపోతాడు చూడండి, అట్లా నిలబడ్డాడు. నేను వినాలనే ఆ మాట అన్నాడు. విన్నానో లేదో తెలుసుకోవడానికే అంత వెనకాముందాడి అడిగాడు. అప్పుడర్థమైంది నాకు, అబద్ధం నోరు దాటిపోయాక.

"మంచిదే అయింది," అన్నాడు. "తేమ ఎక్కువున్నదని కొంటలేరు. ఇంక రెండొద్దులు ఎండాలె."

చెప్పులు విడిచి పక్క చాలులో నడిచాను. ఇప్పుడు చెబుదాం, ఈ చాలు అయ్యాక చెబుదాం అనుకుంటూ నడిచాను. నాలుగు చాళ్లు అయ్యాయి. "ఇంక పో, రైలు అందదు," అన్నాడు. సరే అన్నా అని వచ్చేశాను.

రాజమణక్క గెలిచింది. వర్ష వరంగల్‌లో పెద్ద ఆఫీసు తీసుకుంది. చీరల షాపులవాళ్లు, బడులవాళ్లు నా గొంతే కావాలంటున్నారట. మధు తిరిగొచ్చి ఆటో అమ్మేసి, వర్ష ఆఫీసులో వైర్లు చూసుకుంటున్నాడు. పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తాడు. పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే.

మొన్న వర్ష నా మొహం చూసి అంది. "అత్తా, మీ అన్నకు నేను ఫోన్ చేపిస్త. ఆ రోజు నువ్వు చెప్పింది నేను విన్న అని నీ గొంతుతోనే చెప్పిస్త. రెండు నిమిషాల పని. నీకన్న మంచిగ చెప్తది."

నాకన్నా బాగా చెబుతుంది, అందులో అనుమానం లేదు. వద్దన్నాను. ఆ ఒక్క మాట నేనే చెప్పాలి.

ఉగాది కూడా పోయింది. ఇంకా చెప్పలేదు.